దుర్గవ్వ పట్టిన పత్తెం

శంషాబాద్ పాత ఊళ్లో దుర్గవ్వ చేత మాట పడని మనిషి లేడు. కామెర్ల పసరు కోసం ఆమె వాకిట్లో కూర్చున్నవాళ్లకు ముందు తిట్లు, తర్వాత మందు. కళ్లు పచ్చబడేదాకా ఏం చేస్తున్నావని ఒకణ్ని, ఇంత ఒళ్లు వేసుకుని మొగుడి భుజం ఎందుకు పట్టుకుని వచ్చావని ఇంకొకామెను, వాకిట్లో సెల్‌ఫోను మోగినందుకు మూడోవాణ్ని కడిగిపారేసేది. అయినా ఆదివారం, గురువారం తెల్లవారేసరికి అటు హిమాయత్ సాగర్ నుంచి, ఇటు పహాడీ షరీఫ్ నుంచి జనం పరగడుపున వచ్చి బారులు తీరేవాళ్లు. ఇంతలా తిడుతోందంటే ఈమె చేతిలో ఏదో ఉండే ఉంటుందని మనవాళ్ల గట్టి నమ్మకం. మెత్తగా మాట్లాడే వైద్యుణ్ని ఎవడు నమ్మాడు కనక.

పసరు ఆకు సంగతి ఆమెకు అత్త చెప్పింది. ఆకు పేరు పరమ రహస్యం. అది నేల ఉసిరి అని ఊరందరికీ తెలుసు, తెలియనట్టు ఉండేవాళ్లు. ఆ ఆకు రోలులో దంచి పిండి, మజ్జిగలో కలిపి తాగించడం ఎంతసేపటి పని. అసలు పెత్తనమంతా పథ్యంలో ఉండేది. ఉప్పు లేదు, కారం లేదు, నూనె చుక్క లేదు. చప్పిడి మెతుకులు, పలచటి మజ్జిగ. పథ్యం తప్పినవాడు కంటబడితే బస్టాండులోనైనా సరే నిలబెట్టి పరువు తీసేది. పథ్యం ఎన్నాళ్లో ఆమే చెప్పాలి. అది తీరిన రోజు మళ్లీ ఆమె దగ్గరికే రావాలి. పప్పన్నంలో ఉప్పు కలిపి మొదటి ముద్ద తన చేత్తో నోట్లో పెట్టి, "పోయింది, ఇగ తిను" అనేది. ఇచ్చిన చెయ్యే విడిపించాలి. ఆ ముద్ద, ఆ మాట లేకుండా ఉప్పు ముట్టుకుంటే కడుపులో మందు తిరగబడుతుందని ఆమె అత్త చెప్పింది, ఆమె నమ్మింది, వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది.

విమానాశ్రయం వచ్చింది. రోడ్లు వచ్చాయి. నెత్తి మీద విమానం పోతుంటే మాట ఆపి, అది పోయాక తిట్టు అందుకోవడం దుర్గవ్వకు అలవాటైంది. పథ్యం మాత్రం మారలేదు.

ఆమెకు దెబ్బ దశరథంతో తగిలింది. దశరథం విమానాశ్రయం దారిలో ఆటో నడిపేవాడు. రెండువేల పదిలో కళ్లు పచ్చబడి వస్తే పసరు పోసింది. తగ్గలేదు. మళ్లీ పోసింది. రెండుసార్లూ ముద్ద పెట్టి పంపింది. చివరికి ఒళ్లంతా గీరుకుంటూ, చిక్కి సగమై, అదే దారిలో కొత్తగా లేచిన క్యాన్సర్ దవాఖానకు వెళ్లాడు. అక్కడ డాక్టర్ శ్రీలత స్కాను చూసింది. పిత్తం పారే గొట్టంలో గడ్డ. కాలేయం దాకా పాకిపోయింది.

"మొదట్లోనే వచ్చి ఉంటే కోసి తీసే వీలుండేదేమో. ఆ పసరావిడ మీ ఆయన్ని చంపేసింది," అంది శ్రీలత, దశరథం పెళ్లాం రుక్మిణమ్మతో. కోపం పట్టలేక అన్న మాట. డాక్టర్లు అనకూడని మాట.

దశరథం పోయిన తర్వాత రుక్మిణమ్మ ఆ మాటను నెత్తిన పెట్టుకుని దుర్గవ్వ వాకిట్లోకి వచ్చింది. వీధి మట్టి రెండు చేతులా ఎత్తి గుమ్మంలోకి విసిరింది. "నా మొగుణ్ని మింగితివి. పెద్ద డాక్టరమ్మనే చెప్పింది," అని రొమ్ము బాదుకుంది. దుర్గవ్వ తక్కువ తినలేదు. నీ మొగుడు పథ్యంలో దొంగతనంగా కల్లు తాగి ఉంటాడని తిరగబడింది. కానీ ఆ వారం నుంచి వాకిట్లో జనం పలచబడ్డారు. దుర్గవ్వ రుక్మిణమ్మను ఏమీ అనుకోలేదు. మొగుడు పోయిన ఆడది, అరుస్తుంది. తను మొహం కూడా చూడని ఆ డాక్టరమ్మ మీద మాత్రం పళ్లు నూరింది. ఎవరైనా ఆ దవాఖాన పేరు ఎత్తితే ఒంటికాలి మీద లేచేది.

మరుసటేడు దుర్గవ్వ రొమ్ములోనే గడ్డ లేచింది. కొడుకుకు చెప్పలేదు, కోడలికి చెప్పలేదు. తనకు తెలిసిన ఆకులన్నీ నూరి కట్టింది. పుండు పడి వాసన వచ్చాక కోడలు సుమలత పసిగట్టింది. సర్కారు దవాఖానలో కోసి తీశారు, మందులెక్కించారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది. రెండువేల పదమూడులో, కోసిన మచ్చ కింద చింతగింజల్లా మూడు గడ్డలు తేలాయి. అక్కడి డాక్టర్లు ఈసారి చేతులెత్తేశారు. కొయ్యడానికి లేదు, కరెంటుకూ లేదు. విమానాశ్రయం దారిలోని దవాఖానలో ఇలాంటివాళ్లకే ఏదో కొత్త వైద్యం చేసి చూస్తున్నారు, పోయి అడగండి అన్నారు.

కొడుకు నవీన్‌కుమార్ విమానాశ్రయంలో క్యాబ్ నడుపుతాడు. తల్లిని బతిమాలి, ఆనక కసిరి, చివరికి ఏడ్చి కారెక్కించాడు. లోపలికి వెళ్లి కూర్చుంటే ఎదురుగా శ్రీలత. ఊరు, పేరు వినగానే డాక్టరమ్మ తలెత్తి చూసింది.

"కామెర్లకు పసరు పోసేది మీరేనా?"

"నేనే. నీ గురించి నేను గూడ విన్న," అంది దుర్గవ్వ.

ఆ తర్వాత ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా ఉంది. శ్రీలత కృష్ణా జిల్లా మనిషి. కోపం వచ్చేకొద్దీ ఆమె భాష ఇంకా మర్యాదగా మారుతుంది. దుర్గవ్వది అందుకు సరిగ్గా తలకిందులు. మధ్యలో నర్సు ఇరం నలిగిపోయింది. పహాడీ షరీఫ్ పిల్ల ఆమె. చిన్నప్పుడు ఈ దుర్గవ్వ చేతి పసరే తాగింది, ఈ దుర్గవ్వ చేతనే తిట్లు తింది. ఆ రెండు ముక్కలూ డాక్టరమ్మకు చెప్పలేదు.

"ఇది ఇంకా ప్రయోగమేనండి. నయమవుతుందని నేను మాట ఇవ్వను," అంది శ్రీలత. "ముందు మందు తాగిస్తాం. అది ఒళ్లంతా తిరిగి గడ్డలో ఎక్కువగా చేరుతుంది. అక్కడ ఊరికే పడి ఉంటుంది. అప్పుడు గడ్డ మీద మిషను పెట్టి శబ్దం పంపిస్తాం. మన చెవికి వినపడని శబ్దం. అది తగిలితే మందు మేలుకుని గడ్డను లోపలినుంచి చంపాలి. అదీ మా ఆశ."

"కడుపుతోని ఉన్నోళ్లకు పెడ్తరు, గా మిషినా?"

"అలాంటిదే. దీనికి బలం ఎక్కువ."

మందు సీసా బల్ల మీద పెట్టారు. దుర్గవ్వ దాన్ని చూసి కదల్లేదు. చిక్కటి ఆకుపచ్చ. నలభై ఏళ్లుగా తన రోలు అంచున మిగిలే రంగు.

"ఏ ఆకు ఇది?"

"ఆకు కాదు. ఆకుల్లో ఉండే పచ్చదనం నుంచి తీసి, దాన్ని మార్చి తయారుచేస్తారు. ఫ్యాక్టరీలో."

"అంటే పసరే."

"పసరు కాదండి."

"పసరు గాకుంటే ఏంది మరి, పాలా? నేను పోస్తే సంపినట్టు, నువ్వు పోస్తే సదువుకున్నట్టు."

శ్రీలత మొహం ఎర్రబడింది. ఈ మనిషిని పంపించేయమన్న మాట ఆమెకు నోటి దాకా వచ్చింది. కానీ గడ్డలు చిన్నవి, తోలు కిందే ఉన్నాయి, శబ్దం తేలిగ్గా అందుతుంది. పైగా ఇంకే వైద్యమూ మిగల్లేదు. గొంతు తగ్గించి అసలు జాగ్రత్త చెప్పింది. ఈ మందును వెలుతురు కూడా లేపుతుంది. కాబట్టి తాగిన తర్వాత వారం పాటు ఎండ తగలకూడదు. తగిలితే ఒళ్లు కాలినట్టు బొబ్బలెక్కుతుంది. ఇంట్లో మామూలు బల్బు వెలుగు ఫరవాలేదు; అది కొద్దికొద్దిగా తగలాలి కూడా, అప్పుడే తోలులో మిగిలిన మందు విరిగిపోతుంది.

దుర్గవ్వ మొహంలో ఒక్క ముక్క ఎక్కిన జాడ లేదు. ఇరం కలగజేసుకుంది. "మీ పత్తెం తీరుగనే అవ్వా. ఎండల తిరుగొద్దు, అంతే."

"పత్తెమా?" అంది దుర్గవ్వ డాక్టరమ్మ వైపు తిరిగి.

"అవును, అలాగే అనుకోండి," అంది శ్రీలత. గడియారం చూసుకుంటూ అంది. ఆ మనిషితో పథ్యం అన్న మాటకు తలూపడమంటే ఎంత పనో ఆమెకు ఏం తెలుసు.

మందు తాగించారు. అది లోపల చేరేదాకా చీకటి గదిలో కూర్చోబెట్టారు. తర్వాత మచ్చ మీద చల్లటి జిగురు పూసి, సబ్బుబిళ్లంత మొన ఉన్న మిషను అదిమిపట్టారు. దుర్గవ్వ చెవులు రిక్కించింది. ఏమీ వినపడలేదు. కాసేపటికి తోలు కింద వెచ్చగా అనిపించింది. వినపడని శబ్దం ఏం పొడుస్తుందని ఆమె లోపల ఎగతాళి చేసుకుంది. ఆ వెంటనే, పొడిస్తే బాగుండు అనుకుంది. దుప్పటి ముసుగేసి, నవీన్ కారు అద్దాలకు చీరలు కట్టి ఇంటికి తీసుకొచ్చాడు.

ఇంట్లో ఆమె పథ్యం పట్టింది. పడితే దుర్గవ్వ పట్టినట్టు ఉండాలి. వెనక గది కిటికీకి గోనెసంచులు కుట్టించింది. తలుపు సందుల్లో పాత బట్టలు కుక్కించింది. బల్బు తీయించేసింది. ఉప్పు, కారం, నూనె బంద్. సుమలత నెత్తీ నోరూ కొట్టుకుంది.

"తిండికి ఏం పత్తెం చెప్పలేదంట గదా, అత్తమ్మా. బల్బు గూడ ఏసుకోమన్నరంట."

"ఆమె కొత్తగ నేర్చిన వైద్యం. ఆమెకేం ఎరుక. పసరంటే పసరే."

వారం గడిచింది. రెండో విడత మందుకు రమ్మని దవాఖాన నుంచి ఫోను వచ్చింది. దుర్గవ్వ చీకట్లోంచి కదల్లేదు. ఇచ్చినామె వచ్చి ముద్ద పెట్టి పథ్యం విడిపించాలి, అప్పుడే మళ్లీ మందు. మొదటిది విడవకుండా రెండోది తాగడం ఆమె ఎరిగిన వైద్యంలో లేదు. నవీన్ ఎంత మొత్తుకున్నా అదే మాట.

"గడువు దాటితే పేరు తీసేస్తరంటమ్మా. మల్ల ఇయ్యరు. ఇంకో దవాఖాన లేదు మనకు."

"తీసేయమను. ఆమెనే వొచ్చి తీసేయమను."

ఈ కబురు విని శ్రీలత, తాను ఇళ్లకు తిరిగి అన్నం ముద్దలు పెట్టే డాక్టర్ని కానని చెప్పమంది. ఆ మాట యథాతథంగా చేరింది. చీకటి గదిలో దుర్గవ్వ ఆ రోజంతా ఆమెను, ఆమెను కన్నవాళ్లను తిట్టిపోసింది. ఇరం ఇంటికి పోతూ దారిలో ఆగి, తాను పెడతానంటూ ముద్ద కలిపింది. "మందు నువ్వు ఇచ్చినవా?" అని అడిగి దుర్గవ్వ మొహం గోడకు తిప్పుకుంది.

ఊళ్లో దీన్ని పొగరు అన్నారు. పొగరే, కాదనడానికి లేదు. తనను హంతకురాలన్న మనిషి చేత తన గడప తొక్కించి, తన వైద్యం తీరు ప్రకారం ముద్ద పెట్టించుకోవాలన్న కసి ఆమెకు నిండా ఉంది. కానీ దాని కింద భయం కూడా ఉంది. ఉప్పు తింటే మందు తిరగబడుతుందని నలభై ఏళ్లు చెప్పిన నోటితో ఆమె ఉప్పు ఎలా తింటుంది? ఆ చీకట్లో చెయ్యి మాటిమాటికీ మచ్చ మీదికి పోయేది. వేలి కింద గడ్డలు దొరికేవి. చిన్నవైనట్టు ఒకసారి, పెరిగినట్టు ఒకసారి తోచేవి. చచ్చిపోతానేమోనని ఆమెకు ఏడుపొచ్చేది. కోడలు వినకుండా కొంగు నోట్లో కుక్కుకునేది.

గడువు ఇంకొక్కరోజు ఉందనగా, చప్పిడి తిండితో చిక్కిన దుర్గవ్వ మంచం మీంచి లేవబోయి కళ్లు తిరిగి పడింది. ఆ కబురు విని మధ్యాహ్నమే నవీన్ క్యాబ్‌లో ఇరంను వెంటపెట్టుకుని డాక్టర్ శ్రీలత దిగింది. కరుణతో కాదు, మండిపడుతూ వచ్చింది. చెప్పులతోనే గదిలోకి నడిచింది. దుర్గవ్వ అది గమనించింది, మనసులో రాసుకుంది.

"బల్బు పెట్టండి," అంది శ్రీలత సుమలతతో. వెలుగు పడగానే దుర్గవ్వ కళ్లు మూసుకుంది. డాక్టరమ్మ నాడి పట్టుకుంది, రక్తపోటు చూసింది. "ఇంత కటిక చీకట్లో ఉంటే మందు ఒంట్లోంచి ఎలా పోతుందండి? ఇంకా తోలులోనే ఉండి ఉంటుంది. ఇన్నాళ్లూ నెమ్మదిగా వెలుగు తగలనిస్తే ఈపాటికి వాకిట్లో తిరిగేవారు. ఉప్పు మానమని మీకెవరు చెప్పారు?"

"నువ్వే పత్తెం అంటివి."

"నేను ఎండ గురించి అన్నాను."

"పత్తెమంటే పత్తెమే. సగం పత్తెం ఉండదు. ఇచ్చి పోయినవ్, ఇడిపియ్య రాకపోతివి. నేనైతే ఎవలనూ గిట్ల ఇడిసిపెట్టలే."

"దశరథాన్ని కూడా విడిచిపెట్టలేదు మీరు. రెండుసార్లు పోశారు," అంది శ్రీలత. గొంతు పెంచలేదు. "నా దగ్గరికి వచ్చేసరికి ఆయన లోపల ఏమీ మిగల్లేదు."

"మరి నువ్వు బతికిచ్చినవా?"

"లేదు."

సుమలత పళ్లెం తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి వెనక్కి జరిగింది. పప్పన్నం, ఉప్పు కలిపింది. శ్రీలత చేతులు కడుక్కుని వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ముందు గడ్డలు చూస్తాను," అంది. కొంగు తొలగించి, మచ్చ పక్కన వేళ్లతో మెల్లగా నొక్కి చూసింది. కొలిచింది. మళ్లీ కొలిచింది. దుర్గవ్వ డాక్టరమ్మ మొహమే చూస్తోంది. ఎన్ని మొహాలు తన వైపు అలా చూశాయో ఆమెకు లెక్కలేదు.

"ఒకటి కొంచెం మెత్తబడింది. మిగతా రెండూ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి."

"గదంత నాకెందుకు. ముద్ద పెట్టి మాటను."

"ఏం మాట?"

"పోయింది, ఇగ తిను. గట్లనాలె మేడం," అని ఇరం గొంతు తగ్గించి చెప్పింది.

శ్రీలత ముద్ద కలిపి చేతిలోకి తీసుకుంది. "పోలేదు కదా," అంది.

"ఉత్తగ అను. నీ సొమ్మేం పోతది."

"అనను."

"అందరంటరు. గదొక రివాజు. నేను గూడ అంట."

"దశరథంతో కూడా అన్నారు కదా. రెండుసార్లు అని ఉంటారు. నేను మాత్రం అననండి."

దుర్గవ్వ నోరు తెరిచింది, తిట్టడానికి. తిట్టు రాలేదు. ఈ మనిషిని గుమ్మం దాకా ఈడ్చుకొచ్చింది పొగరుతోనే. కానీ ఇన్ని రోజులూ ఆ చీకట్లో పడి ఉన్నది ఆ ఒక్క మాట కోసమేనని ఇప్పుడు తెలిసింది. ఆ మాట ఎంత ఉత్తదో ఆమె కంటే ఎరిగినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. కడుపులో ఏముందో తెలియకుండానే ఎందరి నోట్లోనో ముద్దతో పాటు కుక్కి పంపింది. అయినా వినాలనిపించింది. ఒక్కసారి, అబద్ధమైనా సరే, తన వైపు చూసి ఎవరైనా అంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. కళ్లలోంచి నీళ్లు కారాయి. తుడుచుకోలేదు.

శ్రీలత చెయ్యి అలాగే గాల్లో ఉంది. విసుగు లేదు, జాలి కూడా లేదు ఆ మొహంలో.

"పోలేదు," అంది మళ్లీ. "తినండి."

దుర్గవ్వ ముద్ద నోటితో అందుకుంది. ఇన్నాళ్లకు తగిలిన ఉప్పు నాలుకను కొరికింది. డాక్టరమ్మ మీద కోపం అలాగే ఉంది. మెల్లగా నమిలి, మింగి, ఆ ఎంగిలి చేతి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"పోలేదంటివి గద," అంది. "ఇగ మందెప్పుడిస్తవో చెప్పు."